వరండా బండల మీద చరిత్ర నోట్సు

కాలేజీలో చేరిన మొదటి రోజు నేను క్లాసులో కాకుండా టెంటు కింద కూర్చున్నాను. బయట ఎండ మండిపోతోంది. టెంటు కింద ఫ్యాన్లు పెట్టారు, మజ్జిగ ఇస్తున్నారు. కానీ ఆ టెంటు వేసింది నా కోసం కాదు, పిల్లలను చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రుల కోసం.

అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. అక్షరాలు దిద్దింది ముప్ఫై ఎనిమిదో ఏట. ఆ తర్వాత ఓపెన్ స్కూల్లో పది, ఇంటరు అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ప్రొద్దుటూరులో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో బి.ఏ.కు సీటు తెచ్చుకున్నాను. మేముండేది జమ్మలమడుగులో. సీటు పనంతా పులివెందులలో ఉన్న నా కూతురు, అల్లుడు నెట్ సెంటర్లో కూర్చుని చేసిపెట్టారు. మొదటి రోజు కూతురు నాకు తోడు రావాల్సింది. బిడ్డకు జ్వరం రావడంతో ఆగిపోయింది.

"నువ్వే పోమ్మా. గేటు కాడ వాలంటీర్లు ఉంటారు. వాళ్ళే అన్నీ చూస్కుంటారు" అంది ఫోన్లో.

వాలంటీర్లంటే నాకు తెలిసింది మా వీధిలో పింఛన్లు తెచ్చి ఇచ్చిన పిల్లలే. వాళ్ళకు కాలేజీ గేటు దగ్గర ఏం పనో నాకు అర్థం కాలేదు. సీనియర్ విద్యార్థినులే కొత్తవాళ్ళను చేయిపట్టి లోపలికి తీసుకెళ్ళే పని చేస్తారని అక్కడికి పోయాకే తెలిసింది.

మా ఆయన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో మిషను మీద పని చేస్తాడు. ముందురోజు సంగటి తింటూ ఒక మాట అన్నాడు.

"పోయి చూడు. కుదిరితే చదువుకో. కుదరకుంటే ఆడికి నిలిపెయ్యి. మళ్ళా మళ్ళా ఈ మాట ఇంట్లో రాగూడదు."

కోపంగా అనలేదు. రోజూ మాట్లాడినట్టే అన్నాడు. నేనూ సరేనన్నాను. నా సంగతి నాకు తెలుసు. ఆ రోజు క్లాసులో కూర్చోకుండా తిరిగొస్తే రెండోసారి ప్రొద్దుటూరు బస్సు ఎక్కలేను. ఎనిమిదేళ్ళుగా పోగుచేసుకున్నది అంతటితో సరి.

గేటు దగ్గర చేతికి ఎర్ర రిబ్బను కట్టుకున్న అమ్మాయిలు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి పొడుగు, గొంతు పెద్దది. ఇంకొకమ్మాయి నల్ల స్కార్ఫు కట్టుకుని సన్నగా ఉంది.

"పాప ఏ గ్రూపు అమ్మా?" అని అడిగింది పొడుగమ్మాయి.

"బి.ఏ." అన్నాను.

"పాపను అట్ల పంపిచ్చినావా? సరే, నువ్వు ఇట్ల రామ్మా, పేరెంట్స్ అందరూ ఈడ కూర్చోవాల" అని నా మోచేయి పట్టుకుని టెంటు కిందికి నడిపించి, కుర్చీ లాగి, కూర్చోబెట్టింది. నా వెనక ఇంకా నలుగురున్నారు. ఆ అమ్మాయి వాళ్ళ వైపు పరుగెత్తింది. నేను నోరు తెరిచే సందు దొరకలేదు.

లేచి చెప్పొచ్చు కదా అని తర్వాత శానామంది అడిగారు. మా వైపు పెళ్ళి బంతిలో ఒకరు చేయిపట్టి కూర్చోబెట్టాక, వాళ్ళే వచ్చి లేపేదాకా లేవకూడదు. మధ్యలో లేస్తే కూర్చోబెట్టిన వాళ్ళను తక్కువ చేసినట్టు. చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన మర్యాద అది. కూర్చోబెట్టింది పెళ్ళివారా, కాలేజీవారా అని అది చూడదు. ఆ పిల్లే మళ్ళీ వస్తుంది, వచ్చినప్పుడు చెబుదాం అనుకుని కూర్చున్నాను.

పక్క కుర్చీలో దువ్వూరు నుంచి వచ్చిన ఆమె కూర్చుని ఉంది. మజ్జిగ గ్లాసు నా చేతికి అందిస్తూ మాట కలిపింది.

"మీ పాప ఏం గ్రూపక్కా?"

"బి.ఏ."

"మా పాప కూడా అదే. మీ పాప హాస్టలా, బస్సా?"

"బస్సు. జమ్మలమడుగు."

"శానా దూరం గదా. బాగా చదువుతాదా?"

"ఏమో. చూడాల."

"అట్ల అనగూడదక్కా. ధైర్యం చెప్పాల పిల్లోళ్ళకు. మా దానికి చెప్తా, మీ పాప పక్కన కూర్చోమని. యాడుండాది ఇప్పుడు?"

"ఈడనే ఉండాది" అన్నాను.

నేను చెప్పినవన్నీ నిజాలే. అందుకే ఆపడానికి ఎక్కడా వీలు చిక్కలేదు. లోపల గంట కొట్టారు. ప్రిన్సిపాల్ మేడం మైకులో తల్లిదండ్రులకు చెప్పాల్సినవి చెప్పింది. పిల్లలకు పెళ్ళి తొందర పెట్టొద్దంది. నేను తలూపాను.

మేడం మాటలు అయ్యాక ఆ రిబ్బను అమ్మాయిలిద్దరూ టెంటు పక్కకు వచ్చి నిలబడ్డారు. బి.ఏ.లో ఒకమ్మాయి రాలేదట. పొడుగమ్మాయి ఫోన్ చేస్తోంది. గోలలో వినపడక స్పీకరు పెట్టింది.

"హలో అంకుల్, కాలేజీ నుంచి మాట్లాడతాండాం. మీ పాప ఈపొద్దు రాలేదు."

అటు నుంచి ముందు మిషను రొద వినిపించింది. ఆ రొద నాకు కొత్త కాదు. దరఖాస్తులో ఇచ్చింది మా ఆయన నంబరే.

"ఎవురూ? గట్టిగా చెప్పు!"

"మీ పాప, అంకుల్! కాలేజీకి రాలేదు!"

"మా పాపకు కాలేజీ ఏందమ్మా? దానికి పెళ్ళయి బిడ్డ గూడా పుట్టినాడు. పులివెందుల్లో ఉండాది."

అమ్మాయిలిద్దరూ మొహాలు చూసుకున్నారు. పొడుగమ్మాయి నా పేరు గట్టిగా చదివింది.

"ఓ, ఆయమ్మా! ఆయమ్మ నా కూతురు కాదు తల్లీ, నా పెండ్లాం."

టెంటు కింద తలలన్నీ ఫోను వైపు తిరిగాయి.

"పొద్దున్నే నేనే బస్సెక్కిచ్చి వచ్చినా గదా. రాలేదంటే యాడ పోయినట్టు?" మా ఆయన గొంతు మారింది. మిషను రొద ఆగింది. ఆయన మిషను ఆపడం నేనెప్పుడూ వినలేదు.

లేచి నిలబడ్డాను. పొడుగమ్మాయి నోరు తెరుచుకుని నా వైపు చూసి ఫోను నా చేతిలో పెట్టింది.

"నేను ఈడనే ఉండా" అన్నాను.

"ఈడంటే యాడ?"

"టెంటు కింద."

"టెంటు కింద ఏం చేస్తాండావు, చదువుకోకుండా?"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. దువ్వూరామె నా భుజం మీద చరిచింది. "ఏందక్కా! పాప పాప అని నేనడుగుతాంటే, నువ్వేనా ఆ పాప!"

నల్ల స్కార్ఫు అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా సంచి తీసుకుంది. "తప్పు మాదే, పదండి, క్లాసు మొదలైంది" అంది. పొడుగమ్మాయి దారిలో నవ్వు ఆపుకోలేక ఒకసారి గోడకు ఆనుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని "మీ ఆయప్ప కరెక్టుగా అడిగినాడు" అంది.

కాలేజీలో కొత్తవాళ్ళు సీనియర్లను అక్కా అని పిలవాలట. క్లాసు గుమ్మం దగ్గర పొడుగమ్మాయి ఆ సంగతి తమాషాగా చెప్పింది. నేను నిజమనుకుని "సరే అక్కా" అన్నాను. ఇద్దరూ నాలుకలు కరుచుకున్నారు.

"వద్దు పెద్దమ్మా, మాకు ఆయుస్సు తగ్గుతాది" అంది పొడుగమ్మాయి.

అలా నేను వాళ్ళకు పెద్దమ్మనయ్యాను. వాళ్ళు నాకు పాపలయ్యారు. పొడుగమ్మాయిది వేముల దగ్గర పల్లె, ప్రొద్దుటూరులో హాస్టలు. నేను పుట్టింది కూడా వేముల పక్కనే. ఆ మాట తెలిశాక ఆ పిల్ల నాతో మీరు అనడం పూర్తిగా మానేసింది. స్కార్ఫు అమ్మాయిది ప్రొద్దుటూరే. చివరిదాకా నన్ను మీరనే అంది.

వాలంటీర్ల పని మొదటి వారమేనట. ఆ వారంలో వాళ్ళు నాకు చేసినవన్నీ చిన్న పనులు. నీళ్ళు ఎక్కడ తాగాలో, ఏ మేడం గట్టిగా అరుస్తుందో, ఏ మేడం అరిచినా పట్టించుకోనక్కర్లేదో చెప్పారు. బస్సు పాసు తీయించారు. ఆ పాసు చూపిస్తే మొదటి సాయంత్రమే కండక్టరు నన్ను దించబోయాడు. "మీ పాప పాసు మీద నువ్వు పోగూడదమ్మా" అన్నాడు. పాసు మీద నా ఫోటోనే ఉంది. తల్లీకూతుళ్ళు ఒకేలా ఉంటారులే అన్నాడు. మర్నాడు ఈ సంగతి విని వేముల అమ్మాయి నాతోపాటు బస్టాండుకు వచ్చింది.

"అన్నా, ఈయమ్మ మా జూనియరు."

"జూనియరా?"

"అవు. నాకంటే ఒక ఏడు చిన్నది."

కండక్టరు నన్ను పైనుంచి కిందిదాకా చూసి కూర్చోమన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ పాసు అడగలేదు. "రామ్మా జూనియరూ" అనేవాడు.

ఇవన్నీ దాటుకున్నాను. దాటలేనిది నోట్సు.

నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఇంటి నేల మీద. మా ఆయన ఫ్యాక్టరీలో మూలలు విరిగిన నాపరాళ్ళు తెచ్చి ఇల్లంతా పరిచాడు. కూతురు పదో తరగతి చదివే రోజుల్లో సాయంత్రాలు నన్ను నేల మీద కూర్చోబెట్టి సుద్దముక్క ఇచ్చి దిద్దించేది. ఒక్కో రాయి మీద ఒక్కో అక్షరం. నిండితే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసేదాన్ని. మా ఆయన పని నుంచి వస్తే గోడ అంచు పట్టుకుని పక్కకు పక్కకు నడిచి వంటింట్లోకి పోయేవాడు. అక్షరాన్ని తొక్కితే చదువు రాదని మా ఇళ్ళలో నమ్మకం. తనకు చదువు రాదు. నాకు వచ్చేది పోకూడదని అలా నడిచేవాడో, చిన్నప్పటి భయమో, అడగలేదు.

నేల మీద నేర్చుకున్న చేతికి కాగితం ఇరుకైంది. నా అక్షరం బొటనవేలంత ఉండేది. ఓపెన్ స్కూలు పరీక్షల్లో అడిగినన్ని కాగితాలు ఇచ్చేవాళ్ళు కాబట్టి ఆగి ఆగి రాసి బయటపడ్డాను. ఇక్కడ చరిత్ర మేడం నోట్సు చెబుతూ పోతుంది. సింధు లోయలో పట్టణాలు కట్టారు, మురుగు కాలువలు తవ్వారు, కాలువల మీద బండలు పరిచారు. మేడం బండలు పరిచేసరికి నేను పట్టణం దగ్గరే ఉండేదాన్ని. పక్కన దువ్వూరు అమ్మాయి, టెంటు కింద మాటిచ్చిన ఆమె కూతురే, గబగబా పేజీ తిప్పేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా చెయ్యి ఇంకా గట్టిపడేది. మొదటి పరీక్ష నెలన్నరలో ఉందన్నారు. అందులో ఒక్క బుక్‌లెట్ ఇస్తారట. అదనపు కాగితాలు ఉండవు.

మూడో రోజు సాయంత్రం గేటు దాటుతూ, ఇక రానవసరం లేదనుకున్నాను. ఏడుపేమీ రాలేదు. కుదరకుంటే నిలిపెయ్యమన్నాడు, నిలిపేస్తున్నాను, అంతే అనిపించింది.

గేటు దగ్గర వేముల అమ్మాయి అడ్డం వచ్చింది. "ఏంది పెద్దమ్మా, మొకం అట్లుండాది?"

"ఏం లేదు. రేప్పొద్దున నుంచి రాను."

"ఎవురేమన్నారు?"

"ఎవురూ ఏమనలా. నాకే రాయనీకి కాలేదు."

నోట్‌బుక్కు లాక్కుని తిరగేసింది. స్కార్ఫు అమ్మాయి కూడా వచ్చి తొంగిచూసింది. ఒక్కో పేజీలో నాలుగైదు మాటలు, అవీ సగం సగం.

"ఇది గోడల మీద ఎలక్షన్లకు రాసే రాత గదా పెద్దమ్మా. ఓటెయ్యండి అని ఒక్కటి తక్కువ" అంది వేముల అమ్మాయి.

నాకు నవ్వు వచ్చింది. ఆ రోజు మొత్తంలో నవ్వింది అప్పుడే. స్కార్ఫు అమ్మాయి "రేపు ఒక్క రోజు రండి. ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దాం" అంది. ఒక్క రోజే కదా అని వచ్చాను.

మర్నాడు ఆ అమ్మాయి తన తమ్ముడి నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చింది. ఆ గీతల మధ్య రాయమంది. వారం పైగా రాశాను. చెయ్యి పట్టేసింది, అక్షరం మాత్రం చిన్నది కాలేదు. గీతల మధ్య ఇరికించబోతే కొమ్ములు, సుడులు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. వాలంటీర్ల వారం ఎప్పుడో అయిపోయింది. ఇద్దరూ చేతి రిబ్బన్లు తీసేశారు. అయినా మధ్యాహ్నం అన్నం వేళ నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఒకరోజు వరండాలో కూర్చుని తింటున్నాం. ఆ కాలేజీ వరండా కూడా నాపరాళ్ళదే, మా ఇంటి రాళ్ళకంటే నున్నగా ఉంది. నేను నేల మీద నేర్చుకున్న సంగతి మాటల్లో వచ్చింది. వేముల అమ్మాయి లేచి క్లాసులోంచి సుద్దముక్క తెచ్చింది.

"ఏదీ, ఈడ రాసి సూపీ."

స్కార్ఫు అమ్మాయి చరిత్ర నోట్సు చదివింది. నేను గొంతుక్కూర్చుని రాస్తూ పోయాను. చెయ్యి భుజం నుంచి కదిలింది. బండ తర్వాత బండ. ఆ అమ్మాయి నిదానంగా చదవడం మొదలుపెట్టి, తర్వాత మామూలుగా చదివి, ఆఖరికి మేడం చదివినంత వేగంగా చదివింది. నేను వెనకబడలేదు. తలెత్తి చూస్తే వరండా సగం నిండింది.

"పెద్దమ్మా, నీకు రాయనీకి వస్తాది. కుర్చీలో కూర్చోనీకి రాదు, అంతే" అంది వేముల అమ్మాయి.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. అన్నం తిన్నాక ఒకరు చదివేవాళ్ళు, నేను బండల మీద రాసేదాన్ని. మొదట బండకు ఒక్క వరస. అది చేతికి కుదిరాక సుద్దతో గీత కొట్టి రెండు వరసలు. తర్వాత నాలుగు. చెయ్యి నేల మీదే ఉంది కాబట్టి భయపడలేదు. రోజులు గడిచేకొద్దీ అక్షరం దానంతటదే తగ్గుతూ వచ్చింది.

చిక్కు ఇంకో వైపు నుంచి వచ్చింది. ఆ వరండా దాటితేనే నీళ్ళ కుళాయి. నేను రాసిన చోట ఎవ్వరూ కాలు పెట్టేవాళ్ళు కాదు. పిల్లలు వచ్చి, అక్షరాలు చూసి, ఆగి, వెనక్కు తిరిగి, ఎండలో మైదానం చుట్టి కుళాయి దగ్గరికి పోయేవాళ్ళు. కొందరు గోడ పట్టుకుని, మా ఆయన లాగే, పక్కకు పక్కకు నడిచేవాళ్ళు. ఊడ్చే ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏందమ్మీ ఇది? దేవుని ముగ్గు మాదిరి పరిచినారు. నేను ఊడ్చాల్నా, మొక్కాల్నా?"

"మొక్కి ఊడ్చు ఆయమ్మా" అంది వేముల అమ్మాయి.

"నీకు నోరు ఎక్కువైంది. మేడంకు చెప్తా సూడు."

చెప్పింది. ప్రిన్సిపాల్ మేడం వచ్చింది. పిల్లలను తిడుతుందేమో, ఈ సాకుతో నన్ను పొమ్మంటుందేమో అనుకున్నాను. ఆమె కూడా అక్షరాల అంచుదాకా వచ్చి ఆగింది. ఆమె కాలు కూడా ముందుకు రాలేదు. అక్కడే వంగి, బండల మీద మురుగు కాలువల సంగతి చదువుకుంది.

"ఎవరిదీ నోట్సు?"

"నాదే మేడం" అన్నాను.

"టెంటు కింద కూర్చున్నది మీరేనా?"

"అవును మేడం."

"వెనక వరండాలో రాసుకోండి. అటు ఎవరూ నడవరు. తుడవడం మాత్రం మీ పనే" అని వెళ్ళిపోయింది. ఆయమ్మ గొణుక్కుంటూనే నాకు ఒక పాత గోనెగుడ్డ తెచ్చి ఇచ్చింది, తడిపి తుడుచుకోవడానికి.

వెనక వరండాలో ఒకసారి వాళ్ళిద్దరినీ అడిగాను. మీ వారం అయిపోయింది కదా, అన్నం వేళ కూడా మానుకుని ఎందుకు ఇదంతా అని.

"నాకేం లేదు పెద్దమ్మా" అంది వేముల అమ్మాయి. "హాస్టలు కూడు తినబుద్ధి కాదు. నీ ఊరిబిండి కోసం వస్తాండా."

అది పూర్తిగా అబద్ధం కాదు. ఆ పిల్ల వచ్చాక నా డబ్బాలో ఊరిబిండి పచ్చడి మిగిలిన రోజు లేదు.

స్కార్ఫు అమ్మాయి సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పింది. వాళ్ళమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. రాయడం రాదు కాబట్టి ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపుతుంది. "ఏదైనా ఆ ఇంటోళ్ళ ముందర చెప్పగూడని మాటుంటే చెప్పలేదు. ఊరికే దగ్గి పెట్టేస్తాది. అమ్మ వచ్చినప్పుడు నేర్పిద్దామని ఉండాది. పెద్దోళ్ళకు ఎట్ల నేర్పాలో తెలీదు. మీ దగ్గర చూస్తాండా."

వేముల అమ్మాయి నోట్సు తీసి చదవడం మొదలుపెట్టింది. నేను బండ తుడిచి మళ్ళీ రాశాను.

పరీక్షకు ముందు ఆదివారం మనవడిని చూడడానికి పులివెందుల పోయాను. సంచిలో నోట్‌బుక్కు ఉంది. అప్పటికి నేను కాగితం మీదికి వచ్చాను. బల్ల మీద కుదురుగా కూర్చోవడం ఇంకా రాలేదు గానీ, కాగితాన్ని చిన్న బండ అనుకుంటే చెయ్యి ఆడుతోంది. కూతురు బిడ్డను ఒళ్ళో వేసుకుని పేజీలు తిప్పింది.

"ఈ సన్న రాత ఎవురు నేర్పినారు నీకు?"

"మా సీనియర్లు."

"నేను అంత కాలం నేర్పితి, నీకు రాలా."

"నువ్వు నేల మీద నేర్పితివి. వాళ్ళు కాగితం మీదికి ఎక్కిచ్చినారు."

కూతురు ఇంకో రెండు పేజీలు తిప్పింది. మొహంలో ఏదో వచ్చి పోయింది. "చీమలు బారు కట్టినట్టు ఉండాది" అని పుస్తకం మూసి నా సంచిలో తనే సర్దింది.

పరీక్ష రోజు బల్ల మీద బుక్‌లెట్ పెట్టారు. దాన్ని మధ్యలోకి లాక్కుని, మోచేయి బయటికి పెట్టి, బండ మీద వంగినట్టే వంగాను. పర్యవేక్షణకు వచ్చిన మేడం ఒకసారి నా పక్కన ఆగి, సరిగ్గా కూర్చోమనబోయి, ఎందుకో మానుకుంది. మురుగు కాలువల ప్రశ్న రాలేదు. వేదకాలం వచ్చింది. రాశాను. గంట కొట్టేసరికి బుక్‌లెట్లో ఇంకా ఖాళీ పేజీలు ఉన్నాయి. నా జీవితంలో కాగితం మిగలడం అదే మొదలు.

మార్కులు మధ్యరకంగా వచ్చాయి. దువ్వూరు అమ్మాయికి నాకంటే ఎక్కువ వచ్చాయి. ఇంట్లో మా ఆయనకు చెబితే "ఊ" అన్నాడు. కుదిరిందా లేదా అని అడగలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి నా టిఫిను డబ్బా తోమి బోర్లించి ఉంది.

కృతజ్ఞత అనే మాట నేను పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. మా ఇళ్ళలో ఆ మాట ఎవరూ వాడరు. మేలు చేసిన ఆడమనిషి ఇంటి నుంచి పోతుంటే బొట్టు పెట్టి రవికగుడ్డ చేతిలో పెడతాం. నేనూ ప్రొద్దుటూరు బజారులో రెండు రవికగుడ్డలు తీశాను, ఒకటి పసుపుపచ్చ, ఒకటి ఆకుపచ్చ. వెనక వరండాలో వాళ్ళ చేతుల్లో పెట్టాను. స్కార్ఫు అమ్మాయికి బొట్టు పెట్టకుండా మల్లెపూలు ఇచ్చాను.

"మేం కట్టేది చుడీదార్లు. ఈ గుడ్డ ఏం చేసుకోవాల పెద్దమ్మా?" అంది వేముల అమ్మాయి.

"ఏమైనా చేసుకో. తిరిగి ఇస్తే మాత్రం ఊరుకోను."

స్కార్ఫు అమ్మాయి తన గుడ్డను మడతలు సరిచేసి పుస్తకాల మధ్య పెట్టుకుంది.

మరుసటి ఏడాది కొత్త పిల్లలు వచ్చే రోజున నన్ను పొద్దున్నే రమ్మన్నారు. వాళ్ళిద్దరూ అప్పటికి మూడో సంవత్సరం. గేటు దగ్గర టెంటు వేస్తున్నారు. వేముల అమ్మాయి చేతికి ఎర్ర రిబ్బను లేదు. పసుపుపచ్చ గుడ్డపట్టీ కట్టుకుంది. స్కార్ఫు అమ్మాయిదీ, ఇంకొందరు పిల్లలదీ ఆకుపచ్చ. నా రెండు రవికగుడ్డల్నీ పట్టీలుగా చింపి అంచులు కుట్టించారు. ఒకటి నా చేతికి కట్టబోతూ వేముల అమ్మాయి అంది.

"తిరిగి ఇస్తాండాం అనుకోవద్దు పెద్దమ్మా. ముక్కలే ఇస్తాండాం."

చెయ్యి చాపాను. గట్టిగానే కట్టింది.

ఇప్పుడు ఆ పిల్లలు వెళ్ళిపోయారు. వేముల అమ్మాయి కడపలో బి.ఇడి. చేస్తోంది. స్కార్ఫు అమ్మాయి వాళ్ళమ్మ కువైట్ నుంచి వచ్చింది. ఒకరోజు నా ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. నేల మీద సుద్దతో రాసిన ఒకే ఒక్క అక్షరం, పక్కన ఒక పెద్దావిడ చెయ్యి. కింద మాటలేమీ లేవు. నేను కూడా ఏమీ రాయలేదు. మా ఇంటి నేల మీద అదే అక్షరం రాసి ఫోటో తీసి పంపాను.

నాకిది ఆఖరి సంవత్సరం. ఈసారి కూడా గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లల చెయ్యి పట్టుకుని తల్లులు వస్తారు. పెద్దమ్మలు, మేనత్తలు వస్తారు. ఒక్కోసారి నా వయసు ఆడమనిషి ఒక్కతే సంచి పట్టుకుని వస్తుంది. పాప ఏ గ్రూపని నేను అడగను. కుర్చీ కూడా లాగను. నిలబడి ఉండగానే అడుగుతాను.

"అమ్మా, చేరనీకి వచ్చినావా, చేర్పిచ్చనీకి వచ్చినావా?"

నవ్వుతారు. "ఈ వయసులో నేను చేరేదేందమ్మా" అంటారు. వెనక వస్తున్న పిల్లను చూపిస్తారు. అప్పుడు టెంటు వైపు తీసుకుపోతాను. ఇంతవరకూ ఒక్కరు కూడా చేరనీకి అనలేదు. అయినా ప్రతి ఒక్కరినీ అడుగుతూనే ఉన్నాను.